నడిస్తే తగ్గుద్దన్నారు – అలసట చరిత్ర, 4వ భాగం



పోయిన భాగంలో ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో ఎవరు ఎంతమంది పోయారో రాశాను. బొంబాయి నగరంలో 1918లో ఇన్‌ఫ్లుయెంజాతో యూరోపియన్లలో వెయ్యికి 8.3 మంది, పార్సీల్లో 9 మంది, సవర్ణ హిందువుల్లో 18.9 మంది చనిపోతే, 'తక్కువ కులాల హిందువులు' అని రాసుకున్న గడిలో 61.6 అన్న అంకె ఉందని చెప్పాను కదా. అది చదివి యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒక చెల్లెలు నాకొక ప్రశ్న పంపింది. "అన్నా, చచ్చిపోయినవాళ్ళ లెక్క చెప్పావు. జబ్బు తగ్గి బతికినవాళ్ళు ఏమయ్యారు? మర్నాటి నుంచే పనిలోకి పోయారా?"

నాలుగు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే దాని జవాబులో సగం మా ఇంట్లోనే ఉంది.

మా పిన్ని మున్సిపాలిటీలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు. 2021 మే నెలలో, సెకండ్ వేవ్‌లో కోవిడ్ వచ్చింది. హాస్పిటల్లో చేరలేదు. తొమ్మిది రోజులు జ్వరం, దగ్గు. పన్నెండో రోజు చీపురు పట్టింది. జూన్ అంతా ఎలాగో లాక్కొచ్చింది. జూలై నుంచి మొదలైంది. పొద్దున ఐదింటికి మస్టర్ వేయించుకుని, వీధులు ఊడ్చి, పదకొండింటికి ఇంటికొస్తే ఆ రోజు బాగానే ఉండేది. మర్నాడో, ఆ మర్నాడో మంచం మీంచి లేవలేకపోయేది. జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట కోసం వెతుక్కునేది. నిద్రపోయి లేస్తే పడుకోకముందు కంటే ఎక్కువ అలసట. రక్తం తక్కువేమో అనుకున్నాం, థైరాయిడ్ అనుకున్నాం, షుగర్ అనుకున్నాం. అన్ని టెస్టులూ నార్మల్ అని వచ్చాయి. చివరికి ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రిపోర్టులు తిప్పి చూసి, "నీకేం లేదమ్మా, కోవిడ్ తర్వాత నీరసం. ఒళ్ళు కదపకపోతే ఇలాగే ఉంటుంది. రోజూ పొద్దున్నే అరగంట వాకింగ్ చెయ్యి. కాస్త ఓపిక పట్టు" అన్నాడు.

పిన్ని నా వంక చూసింది. రోజూ తెల్లారకముందు నుంచి చీపురుతో కిలోమీటర్ల కొద్దీ నడిచే మనిషికి ఆయన అరగంట నడక రాశాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూచుని, "నడిస్తే తగ్గుద్దంట్రా" అని నవ్వింది. ఆ తర్వాత, "ఓపిక పట్టమన్నాడు. ఓపిక లేకే కదరా ఆయన దగ్గరికొచ్చింది" అంది.

మన భాషలో ఈ తిరకాసు ఎప్పుడైనా గమనించారా? ఒంట్లో శక్తికీ ఓపిక అనే అంటాం, సహనానికీ ఓపిక అనే అంటాం. వాడలో వాళ్ళకి మొదటిది ఉందో లేదో ఎవరూ అడగరు. రెండోది మాత్రం ఎంత కావాలంటే అంత ఉండాలంటారు.

ఆ డాక్టర్ చెడ్డవాడని నేను అనను. ఆయన తనకి నేర్పిందే చెప్పాడు. ఆ చీటీ వెనక నూట యాభై ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. ఈ భాగం దాని గురించే.

అమెరికా నుంచి మొదలుపెడదాం. 1851లో న్యూ ఓర్లీన్స్‌లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టర్ బానిసలకి వచ్చే రోగాల మీద ఒక రిపోర్టు అచ్చు వేశాడు. బానిసలు పారిపోవడం ఒక మానసిక రోగం అని ఆయన పెట్టిన పేరు, డ్రాపెటోమేనియా, మీలో చాలామంది వినే ఉంటారు. అదే రిపోర్టులో ఇంకో రోగం కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. డిసెస్తీసియా ఈథియోపికా. బానిస పని నెమ్మదిగా చేయడం, మందకొడిగా ఉండటం, పనిముట్లు పాడుచేయడం దీని లక్షణాలు. మేస్త్రీలు దీన్ని వట్టి పోకిరితనం అంటున్నారు గానీ ఇది రోగమేనని ఆయన వాదన. వైద్యం ఏమిటి? ఒళ్ళంతా కడిగి, నూనె రాసి, ఆ నూనె ఇంకేలా తోలు పట్టీతో బాది, ఎండలో బరువు పని చేయించాలి. అలసటకి మందు పని. కొరడాని మందు సీసాలో పోసి ఇచ్చాడన్నమాట.

పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1869లో, అదే అమెరికాలో జార్జ్ బియర్డ్ అనే ఇంకో డాక్టర్ న్యూరస్తీనియా అనే రోగాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. నరాల్లో శక్తి అయిపోవడం. ఎవరికి వస్తుంది? మెదడుతో పనిచేసేవాళ్ళకి, నాగరికులకి. ఆవిరి యంత్రం, తంతి, పత్రికలు, సైన్సు, ఆడవాళ్ళ చదువు కారణాలని రాశాడు. పొలంలో పనిచేసేవాళ్ళకీ నల్లవాళ్ళకీ ఇది రాదని ఆయన ఉద్దేశం. దానికి వైద్యం వీయర్ మిచెల్ అనే డాక్టర్ ప్రచారం చేసిన విశ్రాంతి చికిత్స: వారాల తరబడి మంచం, పాలు, మాలిష్. ఆ చికిత్స ఆడవాళ్ళని ఎలా ఖైదు చేసిందో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో 'ది ఎల్లో వాల్‌పేపర్' కథ రాసి చూపించింది. కాబట్టి విశ్రాంతి అంటే స్వర్గమని కూడా అనుకోవద్దు. కానీ ఒక్కటి చూడండి. ఒకే దేశం, ఇంచుమించు ఒకే కాలం, ఒకే అలసట. ఒకరికి పాలు, పరుపు. ఒకరికి తోలు పట్టీ, ఎండ.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అంటారా? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ దేశంలో తెల్ల అధికారులకి 'ట్రాపికల్ న్యూరస్తీనియా' అనే రోగం రాసేవాళ్ళు. ఎండ వల్ల, వేడి వల్ల నరాలు అలిసిపోయాయట. మందు సెలవు, కొండ మీద గాలి, లేదంటే ఇంగ్లండుకి ఓడ. మద్రాసు ప్రెసిడెన్సీ సర్కారైతే ఎండాకాలం వస్తే మొత్తంగా ఊటీకే ఎక్కేది. అదే ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖ జిల్లాల నుంచి అస్సాం తేయాకు తోటలకి కూలీలు వెళ్ళారు. వాళ్ళ మీద ఏం చట్టాలున్నాయి? 1859 నాటి చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకున్న కూలీ పని మానితే అది నేరం. 1865 చట్టం ప్రకారం తోట నుంచి పారిపోయిన కూలీని వారెంటు లేకుండా తోట దొరే పట్టుకోవచ్చు. ఎండ ఇద్దరికీ ఒకటే. దొర అలిసిపోతే మెడికల్ సర్టిఫికెట్, కూలీ అలిసిపోతే జైలు.

మన ఊళ్ళలో ఈ మాటకి చట్టం కూడా అక్కర్లేదు. "పనిదొంగలు", "ఒళ్ళు వంచరు". చిన్నప్పుడు మనలో ఎవరం వినలేదు చెప్పండి? కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళనే మెట్లు మెట్లుగా విడగొట్టిందని బాబాసాహెబ్ 1936లోనే రాశారు. అలసట కూడా ఆ మెట్ల మీదే పంచబడింది.

ఇప్పుడు ఆ డాక్టర్ రాసిన వాకింగ్ దగ్గరికి వద్దాం. అలసిన మనిషికి కొంచెం కొంచెంగా వ్యాయామం పెంచుకుంటూ పోవడం అన్న పద్ధతి వైద్యంలో గట్టిగా నిలబడింది మొదటి ప్రపంచ యుద్ధంలో. గుండె దడ, ఆయాసం, అలసటతో వేలమంది బ్రిటిష్ సైనికులు యుద్ధం నుంచి వెనక్కి వచ్చారు. వీళ్ళలో చాలామందికి ముందు ఏదో ఒక జ్వరం వచ్చి తగ్గింది. థామస్ లూయిస్ అనే గుండె డాక్టర్ దీనికి 'ఎఫర్ట్ సిండ్రోమ్' అని పేరు పెట్టి, సైనిక ఆసుపత్రుల్లో మెట్టు మెట్టుగా డ్రిల్ చేయించాడు. అది కొందరికి నిజంగా ఉపయోగపడింది కూడా. గుండెజబ్బు కాని దాన్ని గుండెజబ్బని మంచాన పడేసే పద్ధతిని ఆయన మార్చాడు. ఆ మేలు ఒప్పుకోవాలి. కానీ అక్కడ డ్రిల్ ఉద్దేశం ఏమిటి? ఎవర్ని తిరిగి డ్యూటీకి పంపొచ్చు, ఎవరికి పెన్షన్ ఇవ్వాలి అని వేరు చేయడం. రిహాబిలిటేషన్ అనే మాటకి అప్పటి నుంచీ రెండు ముఖాలు. మనిషిని నిలబెట్టడం ఒకటి. మనిషిని మళ్ళీ పనిలోకి నెట్టడం ఇంకొకటి.

1955 జూలైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్‌లో ఒక వింత అంటురోగం వచ్చింది. 292 మంది సిబ్బంది జబ్బుపడ్డారు. రోగులు కాదు, సిబ్బంది. ఎక్కువమంది నర్సులు, ఆడవాళ్ళు. అక్టోబర్ దాకా హాస్పిటల్ మూసేయాల్సి వచ్చింది. జ్వరం తగ్గినా కొందరికి కండరాల నొప్పి, అలసట, మతిమరుపు ఏళ్ళ తరబడి పోలేదు. ఇలాంటిదే 1934లో లాస్ ఏంజెలెస్ కౌంటీ హాస్పిటల్‌లో 198 మంది ఉద్యోగులకి వచ్చింది. అక్కడా ఎక్కువ నర్సులే. రాయల్ ఫ్రీ జబ్బుకి మయాల్జిక్ ఎన్‌సెఫలోమయలైటిస్, పొట్టిగా ఎంఈ అని పేరు పెట్టారు. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నాడీ వ్యవస్థ రోగాల్లో చేర్చింది.

మరుసటి ఏడాది, 1970లో, మెకెవెడీ, బియర్డ్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు (పైన చెప్పిన బియర్డ్ కాదు, ఇంకో బియర్డ్) పాత కేసు కాగితాలు చదివి అది వట్టి హిస్టీరియా అని తేల్చేశారు. ఒక్క రోగినీ పరీక్షించలేదు. వాళ్ళ ముఖ్యమైన సాక్ష్యాల్లో ఒకటి, జబ్బు ఎక్కువగా ఆడవాళ్ళకే రావడం! ఇంతే. ఆ రెండు వ్యాసాలు తర్వాత యాభై ఏళ్ళ వైద్యాన్ని నడిపించాయంటే అతిశయోక్తి కాదు.

1980ల్లో అమెరికాలో మళ్ళీ బయటపడినప్పుడు 1988లో దానికి 'క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్' అని అధికారిక పేరు వచ్చింది. పత్రికలు దాన్ని 'యప్పీ ఫ్లూ' అని ఎగతాళి చేశాయి. అంటే డబ్బున్న, చదువుకున్న తెల్ల కుర్రాళ్ళకి వచ్చే జ్వరం. విద్యార్థులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ మాట ఎందుకొచ్చింది? క్లినిక్‌కి వచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టారు కాబట్టి. లెనార్డ్ జేసన్ అనే సైకాలజిస్ట్ బృందం చికాగోలో అలా చేయలేదు. 18,675 మంది సామాన్య జనానికి ఫోన్లు చేసి, అనుమానం ఉన్నవాళ్ళని పరీక్షించి, 1999లో ఫలితాలు అచ్చువేసింది. ఆడవాళ్ళలో, లాటినో, నల్లజాతి జనంలో, తక్కువ జీతం పనులు చేసేవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ ఉందని తేలింది. జబ్బున్నవాళ్ళలో పదికి తొమ్మిదిమందికి అసలు డాక్టర్ ఆ పేరే చెప్పలేదు. రోగం డబ్బున్నవాళ్ళది కాదు. పేరు పెట్టించుకునే స్తోమత డబ్బున్నవాళ్ళది.

పరిశోధన చేస్తానంటున్న మన పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. శాంపిల్ ఎక్కడి నుంచి తెచ్చారో ముందు చూడండి. వాడలోకి రాని సర్వేలో వాడ ఉండదు.

ఇక అసలు యుద్ధం. 2011లో బ్రిటన్‌లో పేస్ ట్రయల్ అనే పెద్ద అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. 641 మంది రోగులు, సుమారు 50 లక్షల పౌండ్ల ఖర్చు. ఖర్చు పెట్టినవాళ్ళలో వికలాంగులకి బెనిఫిట్లు ఇచ్చే శాఖ కూడా ఉంది. దాని వెనకున్న సిద్ధాంతం సింపుల్. రోగి కదలడానికి భయపడుతున్నాడు, కదలక ఒళ్ళు సడలిపోయింది, భయం పోగొట్టే కౌన్సెలింగ్ ఇచ్చి వ్యాయామం మెట్టు మెట్టుగా పెంచితే కోలుకుంటాడు. ఫలితాలు అలాగే వచ్చాయన్నారు. రోగులు నమ్మలేదు. వాళ్ళ ఒళ్ళు వాళ్ళకి వేరే చెబుతోంది. కాగితాలు తవ్వారు. ట్రయల్‌లో చేరాలంటే శారీరక సామర్థ్యం స్కోరు 65 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. చివర్లో 'కోలుకున్నారు' అనడానికి పెట్టిన గీత 60! అంటే 65తో చేరి, 60కి పడిపోయినవాళ్ళు కూడా ఆ కొలత ప్రకారం కోలుకున్న లెక్కే. ట్రయల్ మొదట్లో పెట్టుకున్న గీత చాలా పైన ఉండేది, మధ్యలో దించారు. ఆస్ట్రేలియాలో ఉన్న ఒక రోగి సమాచార హక్కు కింద డేటా అడిగాడు. యూనివర్సిటీ లాయర్ల మీద రెండు లక్షల పౌండ్లకి పైగా ఖర్చుపెట్టి కాదంది. 2016 ఆగస్టులో ట్రిబ్యునల్ ఇవ్వమంది. పాత గీతతో మళ్ళీ లెక్క వేస్తే, కోలుకున్నారన్న తేడా నిలబడలేదు. ఆ పరిశోధకులు ఇప్పటికీ తమ లెక్కే సరైనదంటారు. కానీ డేటా బయటికి రావడం ముఖ్యం. మంచం మీద ఉన్న మనిషి ఒక దరఖాస్తుతో చేసిన పని అది. మనకి 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్‌ల కోసం వాడాం, హాస్టల్ బిల్లుల కోసం వాడాం. ఆసుపత్రుల మీద ఎన్నిసార్లు వాడాం?

ఇంత గొడవ జరుగుతూ ఉండగానే కోవిడ్ వచ్చింది.

'లాంగ్ కోవిడ్' అన్న పేరు ఏ డాక్టరూ పెట్టలేదు. 2020 మే నెలలో ఇటలీకి చెందిన ఎలీసా పెరెగో అనే ఆర్కియాలజిస్ట్, తాను రోగిగా ఉంటూ, ట్విట్టర్‌లో హ్యాష్‌ట్యాగ్‌గా రాసింది. కొద్ది కోవిడ్ రెండు వారాల్లో తగ్గిపోతుంది అని అధికారులు చెబుతున్న రోజులవి. అదే నెలలో రోగులే ఒక బృందంగా ఏర్పడి 640 మంది జవాబులతో మొదటి సర్వే బయటపెట్టారు. 2021లో అదే బృందం 56 దేశాల నుంచి 3,762 మందితో చేసిన అధ్యయనం ప్రచురించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం రావడానికి 2021 అక్టోబర్ దాకా పట్టింది. లివర్‌పూల్‌లో అంటురోగాల ప్రొఫెసర్ పాల్ గార్నర్ ఏడు వారాలుగా తాను పడుతున్న బాధని 2020 మే లో రాస్తేనే చాలామంది డాక్టర్లు చెవి ఒగ్గారు. (ఆయనే 2021 జనవరిలో, తన ఆలోచన మార్చుకుని కోలుకున్నానని రాశాడు. అది చదివి చాలామంది రోగులు నొచ్చుకున్నారు. ఆయన కోలుకోవడం ఆయన అదృష్టం. దాన్ని అందరికీ చీటీగా రాయడం వేరే సంగతి.)

ఈ రోగులు పాత ఎంఈ రోగుల నుంచి ఒక విషయం నేర్చుకున్నారు. శ్రమ చేసిన వెంటనే కాదు, పన్నెండు గంటల నుంచి రెండు మూడు రోజుల లోపు కుప్పకూలడం. అది ఒళ్ళు శ్రమే కానక్కర్లేదు. లెక్కలు చూసుకోవడం, ఏడవడం, ఇంటికి చుట్టాలు రావడం కూడా చాలు. 2015లో అమెరికా వైద్య సంస్థ ఇచ్చిన రిపోర్టు ఈ కుప్పకూలడాన్నే ఎంఈ ముఖ్య లక్షణంగా గుర్తించింది. మామూలు బలహీనతకీ దీనికీ తేడా ఇదే. మామూలు బలహీనతలో ఇవాళ నడిస్తే రేపు ఇంకొంచెం ఎక్కువ నడవగలం. దీనిలో ఇవాళ ఎక్కువ నడిస్తే రేపు ఉన్నది కూడా పోతుంది. మా పిన్ని మాటల్లో, "ఇయ్యాళ చేసిన పని అప్పు తెచ్చి చేసినట్టురా. ఎల్లుండి వడ్డీతో కట్టించుకుంటది."

అది ఊహ కాదని చూపిన అధ్యయనం 2024 జనవరిలో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 25 మంది లాంగ్ కోవిడ్ రోగులని, 21 మంది ఆరోగ్యవంతులని సైకిల్ తొక్కించి, ముందూ మర్నాడూ తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. రోగుల కండరంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పనితీరు శ్రమ తర్వాత ఇంకా పడిపోయింది. కండరం దెబ్బతిన్న గుర్తులు పెరిగాయి. చిన్న అధ్యయనమే. కానీ వడ్డీ కట్టే చోటు కంటికి కనపడింది.

ఈ లోపు పాత చీటీలు మారడం మొదలైంది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2007లో ఈ వ్యాయామ చికిత్సని సిఫార్సు చేసింది. 2020 జూలైలో, కోవిడ్ తర్వాతి అలసటకి దాన్ని అలాగే వాడొద్దని హెచ్చరించింది. 2021 ఆగస్టులో కొత్త గైడ్‌లైన్ రావాల్సింది, కొందరు పెద్ద డాక్టర్ల అభ్యంతరాలతో ముందురోజు ఆపేశారు. రోగులు ఊరుకోలేదు. అక్టోబర్ 29న వచ్చింది, మెట్టు మెట్టుగా పెంచే వ్యాయామం తీసేశారు. 2021 జూన్‌లో ప్రపంచ ఫిజియోథెరపిస్టుల సమాఖ్య, వ్యాయామం రాసే ముందు ఈ కుప్పకూలడం ఉందో లేదో అడగమని తన సభ్యులకి చెప్పింది.

ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే నేనూ యాభై ఏళ్ళ తప్పుని తిరగేసి చేసినవాణ్ణవుతాను. వ్యాయామం అందరికీ విషం కాదు. ఐసీయూలో పడుకుని కండ కరిగిపోయినవాళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళు, వీళ్ళకి నిపుణుల పర్యవేక్షణలో వ్యాయామం కావాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన 585 మందితో చేసిన రీగెయిన్ అనే ట్రయల్, 2024లో వచ్చింది. ఆన్‌లైన్‌లో గ్రూపుగా వ్యాయామం, మాటసాయం ఇస్తే వాళ్ళ జీవన నాణ్యత మెరుగుపడిందని చూపింది. కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. "పనిచేసిన మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉంటోంది?" దానికి ఎంఆర్ఐ అక్కర్లేదు. మా పిన్నిని ఎవరూ అడగని ప్రశ్న అది.

ఈ దేశంలో? 2020 సెప్టెంబర్ 13న కేంద్ర ఆరోగ్య శాఖ కోవిడ్ తగ్గినవాళ్ళ కోసం ఒక ప్రోటోకాల్ ఇచ్చింది. యోగాసనాలు, ప్రాణాయామం, ధ్యానం, ఓపిక ఉన్నంత నడక, పొద్దున్నే ఒక చెంచా చ్యవనప్రాశ. తగినంత నిద్ర, విశ్రాంతి కూడా రాశారు. కానీ ఆ విశ్రాంతికి కూలి ఎవరిస్తారో రాయలేదు. కేరళ 2020 చివర్లోనే కింది స్థాయి ఆరోగ్య కేంద్రాల దాకా పోస్ట్ కోవిడ్ క్లినిక్‌లు పెట్టింది. మిగతా చోట్ల అది పెద్ద ఊళ్ళ పెద్దాసుపత్రుల పనిగానే చాలావరకు ఉండిపోయింది. ఆరోగ్య కార్యకర్తలకి కేంద్రం 50 లక్షల బీమా పెట్టింది, కోవిడ్ డ్యూటీలో చనిపోతే. చనిపోకుండా అలిసిపోతే అందులో ఏమీ లేదు. 1918లో బొంబాయి వలసపాలకుడు కనీసం శవాలని కులం వారీగా లెక్కపెట్టాడు. 2020లో మన ప్రభుత్వాలు ఆ లెక్క కూడా బయటపెట్టలేదు. ఇక మంచాన పడ్డవాళ్ళ లెక్క ఎక్కడిది?

చట్టంలో సందు లేదా అంటే ఉంది. ఇక్కడ మళ్ళీ బాబాసాహెబ్ దగ్గరికి రావాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏటా మే 1న ఆయన పని గంటల్ని 14 నుంచి 8కి తగ్గించారని తిరుగుతుంది. అది అలా చెప్పకండి, ఎదుటివాళ్ళు సులువుగా కొట్టేస్తారు. 1934 చట్టం ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలు పెట్టింది. వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఆయన నడిపించిన 1946 సవరణ దాన్ని 48 చేసింది. అది చిన్న విషయం కాదు, పెంచి చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆయన లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడే కార్మికుల ఆరోగ్య బీమా మీద బి.పి. అదార్కర్ 1944లో రిపోర్టు ఇచ్చారు. దాన్నుంచే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. 34 దీర్ఘకాలిక రోగాలకైతే 80 శాతంతో రెండేళ్ళ దాకా పొడిగించొచ్చు. క్షయ, కుష్టు, కేన్సర్ ఉన్న ఆ జాబితా కోవిడ్ కంటే ముందు తయారైంది. వైరస్ తర్వాత వచ్చే దీర్ఘకాలిక అలసటని అందులో చేర్చమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. 2021 జూలైలో అమెరికా ప్రభుత్వం లాంగ్ కోవిడ్‌ని వైకల్యంగా గుర్తించొచ్చని చెప్పింది. 2022లో స్కాట్లాండ్‌లో ఒక కేర్‌టేకర్ కేసులో ట్రిబ్యునల్ అదే చెప్పింది. ఇరవై ఏళ్ళు పనిచేసినవాణ్ణి జబ్బు వల్ల తీసేసిన కేసు అది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. 'అలసట' అన్న పేరుతో ఏదీ లేదు.

మళ్ళీ మా ఇంటికి. అలసటకి ఇప్పుడు చెబుతున్న పద్ధతిని పేసింగ్ అంటారు. ఉన్న ఓపికని ఆచితూచి ఖర్చుపెట్టడం. అలిసిపోయాక ఆగడం కాదు, అలిసిపోకముందే ఆగడం. నా స్నేహితురాలైన ఒక ఫిజియోథెరపిస్ట్ ఇంటికొచ్చి పిన్నితో రెండు గంటలు మాట్లాడింది. అందులో గంటన్నర వినడమే. ఒక నోటుబుక్కులో ఏ రోజు ఏ పని చేసిందో, మర్నాడు ఎలా ఉందో మా చెల్లెలు రాయడం మొదలుపెట్టింది. మూడు వారాలకి లెక్క కనపడింది. చీపురు రెండు గంటల దాకా పర్లేదు, మూడో గంట దాటితే ఎల్లుండి మంచమే. వంట పీట మీద కూచుని చేయడం, స్నానం స్టూలు మీద, బట్టలు చెల్లెలు. ప్రతి అరగంటకీ పది నిమిషాలు ఫోన్ లేకుండా, మాట లేకుండా పడుకోవడం. పిన్నికి అన్నిటికంటే కష్టమైంది ఇదే. "పట్టపగలు పడుకుంటే నలుగురేమనుకుంటారు" అనేది. పనిదొంగ అన్న తిట్టు చిన్నప్పటి నుంచి వింటే అది ఒంట్లోనే కాపురం పెడుతుంది.

కానీ మూడో గంట ఎవరు ఊడుస్తారు? నోటుబుక్కు దగ్గర వైద్యం అయిపోయి యూనియన్ దగ్గర మొదలైంది. మేస్త్రీ ఒప్పుకోలేదు. నాగా పెడితే కూలి కోత, పని తగ్గిస్తే ఇంకొకళ్ళని పెట్టుకుంటానన్నాడు. పిన్ని బ్యాచ్‌లో ఆరుగురు ఆడవాళ్ళు కూచుని తామే తేల్చుకున్నారు. ఆమె రెండు వీధులు ఊడ్చాక షెడ్డులో కూచుని తడి చెత్త, పొడి చెత్త వేరుచేస్తుంది. మిగతా వీధులు అయిదుగురూ పంచుకున్నారు. ఆ అయిదుగురి ఒళ్ళు కూడా ఇనుము కాదు, వాళ్ళలో ఒకామెకి మోకాళ్ళు ఆనవు. దీన్ని నేను గొప్ప పరిష్కారంగా చెప్పడం లేదు. ఒక సంస్థ ఇవ్వాల్సింది ఆరుగురు పేద ఆడవాళ్ళు తమ ఒళ్ళలోంచి తీసి ఇచ్చుకున్నారు. తర్వాత యూనియన్ కాగితం రాసి, కోవిడ్ తర్వాత జబ్బుపడ్డవాళ్ళకి కూచుని చేసే పని ఇవ్వాలని అడిగింది. ఆ కాగితం మీద ఇన్‌వర్డ్ నంబర్ పడింది. అంతవరకే పడింది.

పిన్నికి పూర్తిగా తగ్గలేదు. కుప్పకూలే రోజులు నెలకి ఎనిమిది నుంచి రెండుకి తగ్గాయి. నోటుబుక్కులో అది కనపడుతుంది. ఆదివారం ఫోన్ చేస్తే, "ఇయ్యాళ తల నేనే దువ్వుకున్నానురా" అంది.

మీ వాడలో, మీ హాస్టల్లో, మీ అమ్మల్లో ఇలా ఉన్నవాళ్ళు ఉంటే ఆ ఒక్క ప్రశ్న అడగండి, మూడు వారాలు రాసిపెట్టండి. రాసినవి పేర్లు తీసేసి నాకు పంపండి. ఈఎస్ఐ జాబితాలో చేర్చమని అడిగే దరఖాస్తు ముసాయిదా 5వ భాగంతో పాటు పెడతాను. దానికి ఆ నోటుబుక్కులు కావాలి.

జై భీమ్.